నేలకి నెల, గోడకి పూట

వంటిల్లు బాగు చేయిద్దామనుకున్న ఇంట్లో గొడవ ఎక్కడ మొదలవుతుందో గమనించండి. స్టౌ వెనక గోడ దగ్గర. పూల డిజైనా, ప్లెయినా? కాఫీ కప్పు బొమ్మ ఉన్న టైలు మధ్యలో రావాలా, చివర్న రావాలా? అక్కకి లేతాకుపచ్చ, తమ్ముడికి నలుపు, అల్లుడుగారికి ఇంకేదో. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, ఓట్లు, అలకలు. గోడకి ఇన్ని రోజులు పెట్టిన ఆ మనుషులే నేల దగ్గరకొచ్చేసరికి టైల్స్ కొట్లో టీ తాగేలోపు తేల్చేస్తారు. "హాల్లో వేసిందే వంటింట్లోనూ లాగించెయ్యండి మేస్త్రీ గారూ." "ఆయ్, అలాగేనండి." అయిపోయింది.

సరిగ్గా తలకిందులు. గోడ టైల్స్ నచ్చకపోతే రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. పాతవి గట్టిగా పట్టుకుని ఉంటే వాటి మీదే అడ్హెసివ్‌తో కొత్తవి అంటించేస్తారు. నేల మార్చాలంటే గ్యాస్ గట్టు కింద అరలు లేవాలి, తలుపు అడుగు కోయాలి, సింకు పైపులు కదలాలి, పొయ్యి పెరట్లోకి పోవాలి. అందుకే చాలా ఇళ్లలో నచ్చని నేల మీదే పాతికేళ్లు గడిచిపోతాయి.

ఎంత ఆలోచించాలి అన్నది ఆ పనిని మళ్లీ వెనక్కి తిప్పుకోవడం ఎంత కష్టమో దాన్నిబట్టి ఉండాలి. మనం మాత్రం కంటికి ఎంత కనబడుతుందో దాన్నిబట్టి ఆలోచిస్తాం. బైకు రంగుకి నెల రోజులు తర్జనభర్జన పడి, పొలం అమ్మకం మాత్రం ఒక్క రాత్రిలో ఖాయం చేసేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈ అలవాటుని మార్చుకోవడానికి వంటిల్లు మంచి బడి. నేలకి నెల ఇవ్వండి. గోడకి ఒక పూట చాలు.

ఉదాహరణకి కోనసీమలోని అప్పనపల్లినే తీసుకుందాం. వైనతేయ నది ఒడ్డు, మామిడికుదురు మండలం, చుట్టూ కొబ్బరి తోటలు. బాల బాలాజీ స్వామి దర్శనానికి శనివారాలు జనం కిటకిటలాడతారు. గుడిలో నిత్యాన్నదానం ఉన్నా సరే, ఊళ్లో చుట్టం ఉన్నవాడు ఆ చుట్టం ఇంటికి వెళ్లకుండా బండెక్కడు. వెళ్తే భోజనం చేయకుండా వదలరు. అంటే అక్కడి వంటిల్లు పనిచేసే వంటిల్లు, ఫొటోల వంటిల్లు కాదు.

ఆ నేల ఏం మోస్తుందో చూడండి. కోరాం మీద కూర్చుని కొబ్బరి కోరతారు. కత్తి పట్టుకుని పనస పొట్టు కొడతారు. వేసవిలో ఆవకాయ కలిపేది నేల మీద చాప పరుచుకునే. నూనె, పసుపు, కారం, ఆవపిండి చాప దాటకుండా ఉండవు. గోదావరి ఎర్రబడ్డాక పులస వస్తే, చేపని పెరట్లోనే తోమినా కడిగిన గిన్నె నీళ్లు కార్చుకుంటూ వంటింట్లోకే వస్తుంది. పులుసు పొంగుతుంది. బియ్యం బస్తా ఈడుస్తారు. రాత్రి బకెట్టుతో నీళ్లు కొట్టి కడిగేస్తారు. వీటన్నిటి మధ్యా తిరిగే కాళ్లకి చెప్పులుండవు.

టైల్స్ కొట్టుకి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది: మూడు రోజుల పాటు మీ వంటింట్లో ఏం జరుగుతుందో చూసి కాగితం మీద రాయండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఏ మూల తడి ఆరట్లేదు, ఎవరు గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఇదేం కొత్త విద్య కాదు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు కార్మికుల ఇళ్లకి వంటిల్లు గీసే ముందు స్టాప్‌వాచీ లెక్కలు తీసుకున్నారు, వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తోందో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో. అలా పుట్టిన నమూనాతో దాదాపు 10,000 ఇళ్లకి వంటిళ్లు కట్టారు. మీ ఇంటికి స్టాప్‌వాచీ అక్కర్లేదు, ఓపిగ్గా చూసే కన్ను చాలు.

ఇక్కడో చిక్కుంది. వండే మనిషి ఒకరు, డబ్బు పెట్టే మనిషి ఇంకొకరు. కోనసీమలో ఇది ఇంటింటి కథ. కువైట్ నుంచో మస్కట్ నుంచో కొడుకు డబ్బు పంపుతాడు. డబ్బుతో పాటు డిజైను కూడా పంపుతాడు.

"అమ్మా, తెల్ల టైలు, అద్దంలా మెరుస్తుంది. ఇక్కడ మా సార్ వాళ్లింట్లో ఇదే."

"నీకు నచ్చితే వేయించరా నాయనా, నాదేముంది."

ఈ "నాదేముంది" అన్న మాట ఇంటి మరమ్మతుల్లో అన్నిటికన్నా ఖరీదైనది. అన్నవాళ్లు పెద్దరికం అనుకుంటారు, విన్నవాళ్లు ఒప్పుకోలు అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ మెరుపు మీద తడికాలు జారి ఆసుపత్రి మెట్లెక్కితే అప్పుడు అందరూ నిజం మాట్లాడతారు.

కొడుకుకి ఒక మాట. "నీకేం కావాలమ్మా?" అని అడగొద్దు. మన అమ్మలు ఆ ప్రశ్నకి ఏనాడూ జవాబు చెప్పలేదు. "ఇప్పుడున్న నేల మీద నీకేం ఇబ్బంది?" అని అడగండి. పది నిమిషాలు ఆగకుండా చెబుతారు. అమ్మకి కూడా ఒక మాట. రంగు మీద అభిప్రాయం లేకపోతే లేకపోయింది. "తడిగా ఉన్నా జారకూడదు, కూర్చుంటే మోకాళ్లకి మరీ చల్లగా తగలకూడదు, పసుపు పడితే పోవాలి" అని మూడు షరతులు చెప్పండి చాలు. షరతు పెట్టడం పెత్తనం కిందకి రాదు. ఆ నేల మీద రోజుకి ఐదారు గంటలు ఉండేది మీరు.

షరతులు రాసుకున్నాక కొట్టుకి వెళ్లడం వేరు, ఊరికే వెళ్లడం వేరు. అమలాపురంలోనో రాజోలులోనో టైల్స్ కొట్లోకి అడుగు పెడితే గోడ నిండా రకాలు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలకి లారీలు దిగుతుంటాయి. అన్నీ చూసి అన్నిటిలోకీ గొప్పది తేవాలనుకున్నవాడు సాయంత్రానికి కళ్లు తిరిగి, అమ్మేవాడు చూపించిందే తీసుకుని వస్తాడు. హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ పండితుడు 1956లోనే ఈ సంగతి రాశారు: మనిషికున్న సమయంలో, మనిషికున్న బుర్రతో అన్నిటికన్నా మంచిదాన్ని వెతకడం కుదరదు, ముందే ఒక గీత గీసుకుని, ఆ గీత దాటిన మొదటిదాన్ని తీసుకుని ఇంటికి రావడమే తెలివి. ఆయనకి 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. గీత మీరు గీయకపోతే కొట్టువాడు గీస్తాడు. ఆ గీత ఆయన దగ్గర మిగిలిపోయిన స్టాకు మీదుగా పోతుంది.

ఇక సరుకు సంగతి. పాత ఇళ్లలో ఎర్రటి సిమెంటు గచ్చు ఉండేది. నిజం చెప్పాలంటే వంటింటికి అంత మంచి నేల మళ్లీ రాలేదు. జాయింట్లుండవు, వాడేకొద్దీ నునుపు తేలుతుంది, వేసవిలో చల్లన. పగులు వస్తే మాత్రం అతుకు కనబడిపోతుంది. పైగా దాన్ని ఓపిగ్గా రుద్ది నిగ్గు తేల్చే మేస్త్రీలు తగ్గిపోయారు. మీ ఊళ్లో అలాంటి చేయి ఒకటి ఉంటే అదృష్టం, వదలకండి.

కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, ఇవన్నీ సున్నపురాయి జాతి. చవక, గట్టి, కాలికి పట్టు దొరుకుతుంది. వీటికి పులుపు పడదు. చింతపండు పులుసో నిమ్మరసమో పడి కాసేపుంటే ఆ మేరకి పాలిష్ చచ్చి మచ్చ తేలుతుంది. మరక అయితే తుడవొచ్చు, ఇది రాయే కరిగిన గుర్తు, ఏ సబ్బుకీ పోదు. మచ్చల్ని పట్టించుకోని ఇంటికి నాపరాయి హాయి. పట్టించుకునే ఇంటికి నరకం. పాలరాయిదీ అదే గుణం, దానికితోడు పసుపు పీలుస్తుంది. పులుసు లేకుండా పూట గడవని సీమలో వంటింటికి పాలరాయి ఎందుకో నాకు అర్థం కాదు. పూజగదిలో వేసుకోండి.

గ్రానైట్ ఈ పరీక్ష నెగ్గుతుంది. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా తిరిగొచ్చిన రాయి. గట్టు మీదకి దాన్ని మించింది లేదు. నేల మీద మాత్రం అద్దం పాలిష్ వద్దు, నీటి చుక్క పడితే అది జారుడుబండే. లెదర్ ఫినిష్ దొరికితే చూడండి.

ఎక్కువమంది చివరికి తేలేది విట్రిఫైడ్ టైల్ దగ్గర. ఇది నీరు పీల్చేది అర శాతం కన్నా తక్కువ. మామూలు సిరామిక్ నేల టైలు 3 నుంచి 6 శాతం దాకా పీలుస్తుంది. గోడ టైలు 10 శాతం పైనే. అందుకే గోడ టైల్స్‌ని సిమెంటుతో అంటించే ముందు నీళ్లలో నానబెడతారు, అందుకే వాటిని నేల మీద వేస్తే నాలుగు రోజులకి పగులుతాయి. చవగ్గా వస్తున్నాయని గోడ టైలుని కిందకి దింపే తెలివి ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి.

వంటింటికి విట్రిఫైడ్‌లో మ్యాట్ రకం తీసుకోండి. మెరిసేది హాల్లో వేసుకోవచ్చు. జారుడు గురించి అడిగితే కొట్టువాళ్లు R9, R10, R11 అని ఏదో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఈ R లెక్క జర్మనీవాళ్లది. నూనె పోసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి తీసిన లెక్క. మన వంటిళ్లలో బూట్లెక్కడివి? ఒట్టికాళ్లకి, సబ్బునీళ్ల మీద నడిపించి చూసే లెక్క ఇంకోటుంది: A, B, C. అందులో C అన్నిటికన్నా తక్కువ జారుతుంది. అడగండి. చెప్పలేకపోతే ఫర్వాలేదు, ఒక్క టైలు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోండి.

ఆ ఒక్క టైలుతోనే సగం చదువు. పెరటి గుమ్మం దగ్గర పరిచి, నీళ్లు పోసి, రెండు చుక్కలు నూనె వేసి, గోడ పట్టుకుని ఒట్టికాలు మోపండి. మీరు కాదు, అమ్మగారి చేత మోపించండి, మీరు చేయి పట్టుకోండి. రాత్రి ఒక మూల పసుపు కలిపిన నూనె, ఇంకో మూల చింతపండు గుజ్జు పెట్టి పడుకోండి. పొద్దున్నే మామూలు సబ్బుతో కడిగి చూడండి. ఆ టైలునే వంటింట్లో ఉదయం వెలుగులో ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూడండి. కొట్లో లైట్లు అబద్ధాలు ఆడతాయి. మురికి కనబడకూడదని మరీ మచ్చల మచ్చల ముదురు టైలు ఎంచుకునేవాళ్లు ఒక్కటి మర్చిపోతారు: కొబ్బరి తోటల ఊరది, జెర్రులు ఇంట్లోకి వస్తాయి. మురికి కనబడని నేల మీద జెర్రి కూడా కనబడదు. లేత రంగు, ఒకమోస్తరు చుక్కలు, అంతవరకు చాలు.

చెక్కలాగా ఉండే ల్యామినేట్ ఫ్లోరింగ్ ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. గోదావరి లంకల దాపున దాని ఊసెత్తకండి. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్లకి గుర్తుంది, 2022 జూలై వరద పిల్లలకి కూడా గుర్తుంది. నీరు ఇంట్లోకి రాకపోయినా కింద నుంచి వచ్చే చెమ్మే దాన్ని ఉబ్బించేస్తుంది. రాయి, టైలు అయితే ఒండ్రు కడిగేసుకుని మళ్లీ పొయ్యి వెలిగించుకోవచ్చు.

ఎంపిక ఇక్కడితో పూర్తయిందనుకుంటారు. అసలైంది కనబడకుండా కింద ఉంది. కోనసీమది ఒండ్రుమట్టి, చాలాచోట్ల నల్లరేగడి, తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీరు. వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నేల మీద ఎంత ఖరీదైన టైలు వేసినా అది కిందున్నదాని మాటే వింటుంది. పాత గచ్చు తవ్వేస్తుంటే అడుగున ఇసుక నింపి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచి, చెమ్మ పైకి రాకుండా పాలిథిన్ షీటు పరిచి, ఆ పైన బెడ్ కాంక్రీట్ వేయించండి. అది ఆరే రోజులు ఇవ్వండి. సిమెంటులో ఉప్పునీరు కలపనివ్వకండి, ఆ ఉప్పే తర్వాత జాయింట్లలోంచి తెల్లగా పొంగుతుంది. నీళ్లు కొట్టి కడిగే ఇల్లయితే పది అడుగులకి అంగుళం చొప్పున పెరటి గుమ్మం వైపు వాటం పెట్టించండి. టైల్స్ పరిచాక, సిమెంటు బిగిసే లోపలే, రసమట్టం చూడండి. బిగిసిన మర్నాడు ఒక చెంబు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. రెండో రోజు రూపాయి బిళ్లతో ప్రతి టైలునీ నాలుగు మూలలా తట్టండి. గుల్ల శబ్దం వస్తే కింద సిమెంటు అందలేదని. అప్పుడే చెబితే మేస్త్రీ మారు మాట్లాడకుండా ఎత్తి మళ్లీ వేస్తాడు, కూలి డబ్బులు ముట్టాక చెబితే రేపొస్తానంటాడు.

అన్నట్టు మేస్త్రీతో మాట్లాడే తీరు గురించి. "ఇది మంచిదేనా?" అని అడిగితే "బెస్టండీ" అంటాడు. ఏం అంటాడు మరి? "మీరు వేసిన ఇళ్లలో ఏ నేల మీద మళ్లీ పిలిచి తిట్టారు?" అని అడిగి చూడండి. ముందు నవ్వుతాడు, తర్వాత కూర్చుని చెబుతాడు. అనుభవమున్న ఏ మనిషి దగ్గరైనా ఈ ప్రశ్న పనిచేస్తుంది. డాక్టరు, డ్రైవరు, బ్యాంకు మేనేజరు, ఎవరైనా సరే. మెచ్చుకోమని అడిగితే మెచ్చుకుంటారు, చెడిపోయినదాని గురించి అడిగితే నేర్పుతారు.

జాయింట్ల విషయంలో మాత్రం మేస్త్రీ మాట వినకండి. టైలుకి టైలు ఆనించి వేస్తే అందమని చాలామంది అంటారు. రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించి, స్టౌ చుట్టూ, సింకు ముందు ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. తెల్ల సిమెంటు పసుపుని తాగేస్తుంది, ఎపాక్సీ తాగదు. ధర ఎక్కువ, తొందరగా బిగుసుకుంటుంది, వెంటవెంటనే తుడవాలి, అలవాటున్న చేయి కావాలి. బూడిద రంగు చెప్పండి, తెలుపు వద్దు.

ఇప్పుడు గోడ. ఒక్క పూట అన్నాను కదా, దానికి కొలతలు ఇవీ. గోడ మీద ఎవరూ నడవరు కాబట్టి మెరుపుని అక్కడ తీర్చుకోండి. నునుపు ఎక్కువైతే నూనె జిడ్డు ఒక్క తుడుపుకి పోతుంది. చిన్న చిన్న మొజాయిక్ ముక్కలు వద్దు, ముక్కలెక్కువైతే జాయింట్లెక్కువ, తాలింపు చిమ్మిన ప్రతి చుక్కా వాటిల్లోకే పోతుంది. ఎగుడుదిగుడు ఎలివేషన్ టైల్స్ వీధి గోడకి అందం, స్టౌ వెనక జిడ్డు గూళ్లు. ఎత్తు, గట్టు నుంచి పై అరల దాకా రెండడుగులు, స్టౌ వెనక చిమ్నీ దాకా. గోడకి విట్రిఫైడ్ ఎంచుకుంటే అడ్హెసివ్‌తోనే అంటించాలి, నీరు పీల్చని టైలుని ఒట్టి సిమెంటు పట్టుకోదు. ఇవి సరిపోయిన నాలుగు రకాలు పక్కన పెట్టించి, రంగు ఎంపిక ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయికి అప్పగించండి. సాయంత్రం ఐదింటిలోపు చెప్పాలి, చెప్పాక ఎవరూ నోరెత్తకూడదు. తప్పు చేసినా నష్టం చిన్నదైన చోట పిల్లలకి నిర్ణయం తీసుకునే అలవాటు చేయకపోతే, నష్టం పెద్దదైన చోట వాళ్లకి చేతులు వణుకుతాయి. కువైట్ కొడుక్కి నచ్చకపోతే? సెలవుకి వచ్చినప్పుడు మార్పించుకోమనండి, అది గోడే కదా.

కొనేటప్పుడు లెక్క సరిగ్గా వేసుకోండి. పదికి ఎనిమిది అడుగుల వంటిల్లంటే 80 చదరపు అడుగులు. కోతలకి, పగుళ్లకి పదో వంతు కలిపితే 88. రెండడుగుల టైల్స్ నాలుగున్న బాక్సు సుమారు పదిహేనున్నర చదరపు అడుగులకి వస్తుంది, అంటే 6 బాక్సులు. ఏడు తీసుకోండి. అన్ని బాక్సుల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని కొట్లోనే చూసుకోండి, డిజైను పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది. మిగిలిన బాక్సుని విప్పకుండా అటక మీద పెట్టండి. బిల్లూ, ఆ నంబర్ల ఫొటో కొడుకు ఫోనుకి పంపండి. గ్రౌట్ ఆరేదాకా, కనీసం ఒక రోజు, శనివారం చుట్టాలతో సహా ఎవర్నీ లోపలికి రానివ్వకండి.